దొరగారి పటం కింద కుర్చీ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. కాకినాడలో నర్సింగ్ చదివేటప్పుడు మా హాస్టల్‌కీ మార్చురీకీ మధ్య ఒక్క గోడే ఉండేది. ఆ గోడ మీద మేం బట్టలు ఆరేసుకునేవాళ్ళం. ఉద్యోగంలో చేరాక, "ఆ చివరి మంచం దగ్గర ఎవరో మూలుగుతున్నారు సిస్టర్" అని జూనియర్లు వణుక్కుంటూ వస్తే, ముందు వెళ్ళి ఆ పేషెంట్ బీపీ చూసి రమ్మని తరిమేదాన్ని. దాదాపు ప్రతిసారీ మూలిగింది ఆ పేషెంటే.

కాబట్టి నేను రాసేదాన్ని దయ్యం కథ అనుకోకండి. ఏం జరిగిందో, ఏ వరసలో జరిగిందో, డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే సిస్టర్‌కి చెప్పినట్టు చెప్తాను. అంతకంటే నాకు చేతకాదు.

2015లో నేను మస్కట్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. ఉండేది హమ్రియాలో. కింద టైలర్ షాపు, పైన మూడో అంతస్తులో రెండు గదులూ ఒక చిన్న హాలూ. ఆ ఫ్లాట్ సువార్తక్కది. ఆవిడ మా పాలకొల్లు వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అదే క్లినిక్‌లో సీనియర్ నర్సు. నన్ను ఒమాన్ తీసుకొచ్చింది ఆవిడే. వీసా కోసం మేనేజర్ చుట్టూ తిరిగింది, లైసెన్సు పరీక్షకి పక్కన కూర్చుని చదివించింది. మొదటి మూడు నెలలు వంటంతా తనే చేసి, నన్ను వంటింట్లోకి కూడా రానివ్వలేదు. ఆవిడకి ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ రాలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం మా హాల్లో ప్రార్థన కూడిక ఉండేది. పది పన్నెండు మంది వచ్చేవారు. నర్సులు, ఘాలా గ్యారేజీల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. కీర్తనలు, వాక్యం, సాక్ష్యాలు, తర్వాత కోడికూర అన్నం. చివర్లో అందరం ఒక ఫోటో దిగి పాలకొల్లులో మా పాస్టరు అయ్యగారికి వాట్సాప్‌లో పంపాలి. ఆయన దాన్ని అక్కడి సంఘానికి చూపించేవారు. ఫోన్‌ని ఫ్రిజ్ మీద ఆనించి, పది సెకన్ల టైమర్ పెట్టి, పరిగెత్తుకొచ్చి కూర్చోవడం నా పని.

ఓబులమ్మ మా మతం మనిషి కాదు. కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. మెడలో తాళితో పాటు తాయెత్తు కూడా ఉండేది. ఒక ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్ళయింది. శుక్రవారం రెండు గంటలు బయటికి వదిలేవాళ్ళు. ఎక్కడో తెలుగు మాట వినబడిందని వచ్చి మాలో కలిసిపోయింది. వాళ్ళ మేడమ్ దగ్గర పాస్‌పోర్టు ఉండిపోయింది. ప్రతి ఏడూ రంజాన్ అవగానే పంపిస్తామంటారు, పంపరు. కూతురు నాగమణిని నాలుగేళ్ళ పిల్లప్పుడు అక్క దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకి పదేళ్ళొచ్చాయి. ప్రతి శుక్రవారం, ప్రార్థన అవసరతలు చెప్పండని సువార్తక్క అడిగితే, ఓబులమ్మది ఒకటే మాట.

"నా పాపను సూసేదానికి పోవల్ల అక్కా. ఇంకేం వద్దు."

మేమందరం ఆమె కోసం ప్రార్థన చేసేవాళ్ళం. నేను మనస్ఫూర్తిగానే చేసేదాన్ని. ఆ సంగతి ఎవరూ నమ్మకపోయినా రాస్తున్నాను.

మే నెలలో ఒక శుక్రవారం ఓబులమ్మ దుప్పట్లో చుట్టిన పటం ఒకటి తెచ్చింది.

"పక్కింటి తెల్లోళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతా సామాన్లన్నీ చెత్తకాడ పెట్టినారక్కా. ఇది సూస్తే నువ్వు సెప్పే మీ గుడి దొర మాదిరి ఉండాడు. వదిలి వచ్చేదానికి మనసు రాలే" అంది.

మా గోదావరి జిల్లాల్లో చర్చిని కూడా గుడి అనే అంటాం, ఆ పాత గుళ్ళు చూసినవాళ్ళకి ఇది తెలుస్తుంది. మేం పటాలకి మొక్కం. గుళ్ళో యేసుప్రభువు పటం కూడా పెట్టరు. కానీ గుడి పక్కనుండే చిన్న గదిలో మాత్రం, ఆ ఊరికి మొదట సువార్త తెచ్చిన మిషను దొర ఫోటో ఉంటుంది. గోధుమ రంగుకి తిరిగిపోయిన ఫోటో, తెల్ల గడ్డం, మోకాళ్ళ దాకా నల్ల కోటు. దొర పేరు సగం మందికి తెలియదు. అయినా ఆ ఫోటో ముందు చెప్పులతో నిలబడం. సువార్తక్క అలాంటి ఫోటో చూస్తూ పెరిగిన మనిషి.

ఓబులమ్మ తెచ్చిన పటంలో కూడా తెల్ల గడ్డం ఉంది, నల్ల కోటు ఉంది. జానెడున్నర ఎత్తు, నల్ల చెక్క ఫ్రేము. అట్టకి అంటించిన పాతకాలం ఫోటో. ముసలాయన నిలబడి, ఒక ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. వెనకంతా ఉత్త గుడ్డ తెర. ఆయన బూట్ల వెనక నేల మీద మూడు నల్లటి వంకీ కాళ్ళు కనిపిస్తున్నాయి, పాత కుట్టుమిషన్ కాళ్ళలాగా. అదేదో బల్ల అనుకున్నాను.

సువార్తక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా గుళ్ళో దొరగారే కరుణా. చూడవే ఆ నుదురు. మనల్ని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చారు" అంది. ఆ రోజే ఫ్రిజ్‌కి ఎదురు గోడకి మేకు కొట్టించింది. కూడికలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది. మా తాతలకి వెలుగు చూపించిన దొరగారిని దేవుడు ఈ ఎడారిలో మా గడప దాకా నడిపించాడని. అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారికి ఫోటో పంపాం. ఆయన దాన్ని ఆదివారం గుళ్ళో చూపించారట.

పటం కింద అప్పుడే ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద కీర్తనల పుస్తకాలు పెట్టాం.

ఆ ఫోటో చూపు గురించి నేనేమీ రాయను. పాతకాలం ఫోటోల్లో అందరి చూపూ అలాగే ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ వారంలో ఒక పొద్దున హాలు ఊడుస్తూ పటం ముందుకి వచ్చాను. అంతకుముందే స్నానాల గదిలో బకెట్ నిండడానికి కుళాయి తిప్పి వచ్చాను. తర్వాత నాకు తెలిసింది పాదాల కింద తడి. నీళ్ళు పొంగి హాల్లోకి వచ్చేశాయి. నేను చీపురు పట్టుకుని వంగిన మనిషిని వంగినట్టే ఉన్నాను. నడుము తిరగలేదు, కాసేపు నొప్పితో ఏడిచాను. ఆ బకెట్ పొంగి హాలు దాకా రావాలంటే కనీసం ఇరవై నిమిషాలు పట్టాలి. ముందు రోజు డబుల్ డ్యూటీ చేశాను కాబట్టి అలసట అనుకుని ఊరుకున్నాను.

మూడో శుక్రవారం దావీదు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఘాలాలో ఒక గ్యారేజీలో వెల్డర్ ఆ అబ్బాయి, తుని దగ్గరవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. డోలక్ వాయించడానికి కింద కూర్చుంటే మోకాలు నొప్పెడుతోందని, పుస్తకాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. కూడిక అయ్యాక మామూలుగానే ఫోటో దిగాం.

మర్నాడు క్లినిక్‌లో ఆ ఫోటోని మస్తాన్ గారికి చూపించాను. ఆయన మా ఎక్స్‌రే టెక్నీషియన్, నెల్లూరాయన. ఖాళీ దొరికితే పుస్తకం చదువుకునే మనిషి. మా మిషను దొర పటం దొరికిందని గొప్పగా చెప్పాను. ఆయన ఫోన్ తీసుకుని వేళ్ళతో పెద్దది చేసి చూసి నవ్వాడు.

"ఈ పెద్దాయన మీ ఇంట్లో ఏం చేస్తా ఉండాడు సిస్టర్? ఈయన దొరా కాదు, పాదిరీ కాదు. కథలు రాసేవాడు."

తర్వాత పేరు చెప్పాడు. ప్రపంచమంతా తెలిసిన రచయిత, చచ్చిపోయి నూరేళ్ళు దాటింది. ఆయన పుస్తకాల తెలుగు అనువాదాలు నెల్లూరు లైబ్రరీలో చదివానన్నాడు. తన కంప్యూటర్‌లో ఆయన వేరే ఫోటోలు చూపించాడు. మనిషి ఆయనే, సందేహం లేదు. కానీ మా ఇంట్లో ఉన్న ఫోటో మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆ రచయిత పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీలో కొందరు ఆ ఫోటో కోసం వెతుకుతారు. వెతకొద్దు.

బూట్ల వెనక ఆ మూడు కాళ్ళ సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఆ రోజుల్లో ఫోటో తియ్యాలంటే చాలా సేపు పట్టేదట. అంతసేపు మనిషి తల నిలవదు, కదిలితే ఫోటో అలికినట్టయి మళ్ళీ తియ్యాలి. అందుకని వెనకాల ఒక ఇనప స్టాండు పెట్టి, దాని కొక్కాన్ని మెడ వెనక ఆనించేవారట. ముందునుంచి చూస్తే మనిషి చాటున స్టాండు కనబడదు, కింద కాళ్ళు మాత్రం కనబడతాయి. "మేం ఎక్స్‌రేకి ఊపిరి బిగబట్టమంటాం గదా, దానికి తాత అన్నమాట" అన్నాడు.

ఫోన్ తిరిగి ఇవ్వబోతూ మళ్ళీ చూశాడు. "మీ డోలక్ అబ్బాయికి కూడా ఒకటి పెట్టినారే" అన్నాడు.

నేను చూశాను. దావీదు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళ వెనక, టైల్స్ మీద, మూడు వంకీ కాళ్ళు. పటంలో ఉన్నవే. మా ఇంట్లో ఇనప వస్తువు అంటూ ఉంటే అది గ్యాస్ సిలిండరే, అది వంటింట్లో ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించాను. మా హాల్లో వెలుతురు తక్కువ, నా ఫోన్ నాసిరకం, అందుకని ప్రతి ఫోటోలో అందరం కాస్త అలికినట్టు వచ్చేవాళ్ళం. ఆ ఫోటోలో దావీదు ఒక్కడూ చొక్కా గుండీలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాడు. నీడలే అని కొట్టిపారేసి ఫోన్ లాక్కున్నాను.

ఆ సాయంత్రం సువార్తక్కకి చెప్పాను. స్టాండు సంగతి కాదు, ఆయన రచయిత అన్న సంగతి ఒక్కటే. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"నేను సాక్ష్యం చెప్పేశానే. అయ్యగారు గుళ్ళో చూపించేశారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదని చెప్పమంటావు? నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? ఉండనీ" అంది.

నేను ఉండనిచ్చాను.

సోమవారం పొద్దున కంపెనీ బస్సు ఘాలాలో ఆగింది. అందరూ దిగారు. దావీదు దిగలేదు. డ్రైవర్ హారన్ కొట్టి, తిట్టి, చివరికి వెళ్ళి భుజం తట్టాడు. దావీదు వెన్ను నిటారుగా పెట్టి, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడట. చావలేదు. ఊపిరి ఉంది. కదలిక లేదు.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు, ఏమీ దొరకలేదు. రక్తం, వెన్నులోని నీరు, అన్నీ పరీక్ష చేశారు, అన్నీ మామూలే. నేను వెళ్ళి చూశాను. నాడి మెల్లగా, సమంగా ఉంది. కళ్ళ ముందు చెయ్యి ఆడిస్తే చూపు తిరగలేదు. నేను నర్సుని కాబట్టి నాకు భయం పుట్టించింది వేరే విషయం. పడుకోబెట్టినా అతని తల దిండుకి ఆనలేదు. దిండుకి నాలుగు వేళ్ళ పైన నిలిచిపోయింది. దిండు తీసేసి చూశాను, తల అక్కడే ఉంది. మానసిక జబ్బుల్లో అలా ఒక లక్షణం ఉంటుందని డాక్టర్ చెప్పారు, దానికో పేరు కూడా ఉంది. నేను సరేనన్నాను. మెడ వెనక చెయ్యి పెట్టి తడిమాను. చర్మం మీద రెండు వేళ్ళ వెడల్పున ఒత్తుకుపోయిన గుర్తు ఉంది, ఐస్ పెట్టినంత చల్లగా.

ఇంటికొచ్చి పాత ఫోటోలన్నీ తీశాను. పటం రాకముందు ఫోటోల్లో ఆ గోడ దగ్గర ఏమీ లేదు. పటం వచ్చిన మొదటి శుక్రవారం, రెండో శుక్రవారం, పుస్తకాలున్న కుర్చీ వెనక ఆ మూడు కాళ్ళు ఉన్నాయి. అంటే దావీదు కూర్చోకముందే అది వచ్చి కాచుక్కూర్చుంది.

ఈసారి అంతా చెప్పాను. సువార్తక్కకి ఒళ్ళు మండిపోయింది. నీలాంటి చదువుకున్న పిల్ల ఇలా మాట్లాడితే మిగతావాళ్ళ విశ్వాసం ఏమైపోతుందంది. దావీదు కోసం మూడు రోజులు ఉపవాసం ఉంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. శుక్రవారం పొద్దున పుస్తకాలు బల్ల మీదకి మార్చి, కుర్చీ తుడిచి, నాతో అంది.

"ఇవ్వాళ నువ్వే కూర్చో ఇక్కడ. ఫోటో అయ్యేదాకా లేవకు. నీ భయం పోద్ది, నలుగురికీ ధైర్యం వస్తది."

సరే అక్కా అన్నాను. కూర్చున్నాను కూడా. రెండు కీర్తనలు అయ్యేదాకా ఓర్చుకున్నాను. నా మెడ వెనక ఏమీ తగల్లేదు. అయినా ఏదో తగలబోతున్నట్టు వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అన్నం అడుగంటుతోందని అబద్ధం చెప్పి వంటింట్లోకి పోయాను. స్టవ్ కట్టేసే ఉంది. అక్కడే నిలబడి చెమట తుడుచుకున్నాను.

అప్పుడే ఓబులమ్మ వచ్చింది. ఎప్పుడూ ఆలస్యంగా రాని మనిషి, ఆ రోజు ఆలస్యమైంది. ఎందుకో అందరికీ అరిచి చెప్తోంది. మేడమ్ పాస్‌పోర్టు ఇచ్చేసింది. టికెట్ తీసింది. వచ్చే గురువారం మద్రాసు విమానం. ఆడవాళ్ళందరూ ఆమెని పట్టుకుని ఏడ్చారు. "నేను పటం తెచ్చినందుకే దొర నాకు ఊరికి పోను సుట్టీ ఇప్పించినాడు" అంటోంది. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి, హాల్లో ఖాళీ ఉన్నది ఒక్క కుర్చీ. ఆమె అందులో కూర్చుంది.

నేను పిలవొచ్చు. లే ఓబులమ్మా, అది నాది అంటే చాలు, నవ్వుకుంటూ లేచేది. నోరు తెరిచాను కూడా. తెరిచి, మళ్ళీ మూసేశాను. నా లోపల ఒక నెమ్మది లాంటిది వచ్చింది. కుర్చీ నిండిపోయింది, ఇక నన్ను కూర్చోమనరు అని. అంత నీచమైన నెమ్మది నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఫోన్‌ని ఫ్రిజ్ మీద పెట్టి టైమర్ నొక్కి, తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను. కెమెరా వైపు చూడలేదు. ఓబులమ్మనే చూశాను. ఉక్కకి చున్నీ కొంగుతో మొహం విసురుకుంటోంది. పక్కనున్న ఆవిడతో ఏదో చెప్తోంది. సెకన్ల లెక్క మొదలవగానే కొంగు ఆగింది. చెప్తున్న మాట ఆగింది. గడ్డం కొంచెం పైకి లేచింది, ఎవరో వెనకనుంచి సరిచేసినట్టు. క్లిక్ అవగానే మళ్ళీ నవ్వింది, మళ్ళీ విసురుకుంది.

ఫోటోలో ఏముందో మీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు సువార్తక్క డ్యూటీలో ఉండగా పటాన్ని మేకు మీదనుంచి దించాను. దుప్పట్లో చుట్టి, కిందికి మోసుకెళ్ళి, వీధి చివర మున్సిపాలిటీ చెత్త డబ్బాలో వేశాను. బండి వచ్చి డబ్బా ఎత్తి, లోపల నలిపి, వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడి చూశాను. గాజు పగిలిన చప్పుడు వినబడింది. తేలికగా ఊపిరి పీల్చుకున్నాను. ఓబులమ్మ బతికిపోయింది అనుకున్నాను. సువార్తక్క సాయంత్రం వచ్చి ఖాళీ మేకు చూసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఐదు రోజులు నాతో మాట్లాడలేదు.

గురువారం సెలవు పెట్టి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. ఓబులమ్మ బాగానే ఉంది. గలగలా మాట్లాడుతోంది. నాగమణికి కొన్న గౌను సంచిలోంచి తీసి, పదేళ్ళ పిల్లకి సరిపోతుందా అక్కా, నాకు కొలత తెలీదే అని పదిసార్లు అడిగింది. నా కళ్ళు ఆమె మెడ మీదే ఉన్నాయి. లోపలికి వెళ్ళే ముందు ఒకసారి మెడ వెనక రుద్దుకుంది.

"రాత్రి సరిగ్గా పండుకోలేదు గదా, మెడ పట్టేసినాదక్కా" అంది.

నా బ్యాగులో ఉన్న నొప్పి మాత్ర ఒకటి తీసి ఇచ్చాను. నేను చేసిన వైద్యం అంతే. వెళ్ళొద్దు, ఆసుపత్రికి పోదాం రా అంటే విమానం తప్పిపోతుంది, మళ్ళీ ఎప్పటికి పంపిస్తారో తెలియదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజమే. నాకు నోరు రాలేదన్నదీ నిజమే.

మద్రాసులో విమానం దిగింది. అందరూ దిగారు. ఓబులమ్మ దిగలేదు.

వాళ్ళ అక్క ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. గౌను సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునే ఉందట. బెల్టు విప్పి ఇద్దరు ఎత్తి చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారట. పిల్ల పరిగెత్తుకొచ్చి మీద పడితే కూడా చూపు తిరగలేదట. తిరుపతిలో చూపించారు, వేలూరులో చూపించారు. ఎక్కడా ఏమీ లేదన్నారు.

సువార్తక్కకి చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. నా మొహం చూడకుండా అంది, "ఆ కుర్చీలో నిన్ను కదే కూర్చోమన్నాను." అంతే. అది నన్ను నిలదియ్యడమో, తనని తాను తిట్టుకోవడమో ఇప్పటికీ తెలియదు. కూడికలు ఆగిపోయాయి. ఏడాదిలోపే ఆవిడ ఉద్యోగం వదిలేసి ఊరెళ్ళిపోయింది. దావీదుని కంపెనీవాళ్ళు అంతకుముందే పంపించేశారు. తుని దగ్గర వాళ్ళింటికి వెళ్ళి చూసే ధైర్యం నాకు లేదు.

నాగమణి నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. వాళ్ళమ్మ నన్ను అక్కా అనేది కదా. మొదటి రెండు మూడేళ్ళు నెలకోసారి ఫోన్ చేసేది. నర్సువి గదా పెద్దమ్మా, ఏం చెయ్యాల్నో చెప్పు అనేది. పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో, గంజి ఎలా పట్టాలో నేర్పాను. పదేళ్ళ పిల్ల అన్నీ నేర్చుకుంది. తల మాత్రం దిండుకి ఆనదు పెద్దమ్మా అంటే, పర్లేదమ్మా, అలాగే ఉండనీ అన్నాను.

ఒకరోజు వేరే గొంతుతో చేసింది. అమ్మ మాట్లాడిందంది. పెదవులు కదపకుండా, చెవి దగ్గర పెడితే తప్ప వినబడనంత సన్నగా.

"ఏమంది?" అన్నాను.

"కదిలితే మళ్ళీ మొదట్నుంచి అంటాండాడంట పెద్దమ్మా. ఎవురు పెద్దమ్మా ఆయన?"

ఆ పల్లెలో పాతకాలం ఫోటోలు ఎలా తీసేవారో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఓబులమ్మకి స్టాండు సంగతి నేను చెప్పలేదు, మస్తాన్ గారిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ పటంలో ఉన్నది పాపం ఒక ముసలాయన. ఆయన కూడా ఎవరో నిలబడమంటే నిలబడ్డవాడే. నిలబెట్టి ఫోటో తీసినవాడు మాత్రం పటంలో లేడు. ఆ పటాన్ని నేను చెత్తబండిలో నలిపించాక, ఇక చాలు, లేవండి అని వీళ్ళిద్దరికీ చెప్పేవాడు ఎక్కడున్నాడో అని ఆలోచన వస్తుంది. వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పనిలో పడతాను.

ఆ నాలుగు ఫోటోలూ నా దగ్గరున్నాయి. ఒక స్టూడియో అతనికి చూపించాను. నీడలై ఉండొచ్చన్నాడు. మరి ఈవిడ ఒక్కతే ఎందుకింత స్పష్టంగా ఉంది మేడమ్ అని నన్నే అడిగాడు.

ఓబులమ్మ ఇంకా ఉంది. అదే ఊళ్ళో, కిటికీ పక్కన మంచం మీద. నాగమణి ఇంటర్ తర్వాత చదువు ఆపేసింది. అమ్మని వదిలి ఎక్కడికీ పోలేను అంటుంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఒక్క మాట తప్పకుండా అడుగుతుంది. "ఆ కడపటి శుక్రవారం మీరంతా ఒకేకాడ ఉండ్రి గదా పెద్దమ్మా. మా యమ్మకు ఏమైనా అయింద్యా ఆ పొద్దు?" నేను ప్రతిసారీ, ఏమీ కాలేదమ్మా, చాలా సంతోషంగా ఉంది అని చెప్తాను. సంతోషంగా ఉన్న మాట అబద్ధం కాదు.

మిగతాది ఆమెకి నోటితో చెప్పలేకపోయాను. ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను. నాగమణి తెలుగు బాగా చదువుతుంది.